తెల్లగుడ్డ పరీక్ష

గౌరవరం దాటి రెండు మైళ్లయింది, చైను తెగలేదు. తెగకూడదు దేవుడా, ఇవాళొక్కరోజు తెగకూడదు, అనుకుంది కృపావతి, కారియరు మీద ఒక పక్కకు తిరిగి కూర్చుని, ఒళ్లో సర్టిఫికెట్ల సంచీని ఎడంచేత్తో నొక్కిపట్టుకుని, కుడిచెయ్యి పిడికిలి బిగించి కొంగులో దాచుకుని. తొమ్మిదేళ్లుగా ఈ చైను తుప్పుపట్టి పొడైపోతే బాగుండు, మునేట్లో పడి కొట్టుకుపోతే బాగుండు అని తిట్టుకున్న మనిషి ఇవాళ దాని ఆయుష్షు కోసం ప్రార్థన చేస్తోంది. నవ్వొచ్చింది గాని నవ్వలేదు. కళ్లెదురుగా ఆ వీపు ఉంది. మడత నలగని తెల్లచొక్కా వీపు, తెల్లవారకముందే లేచి బొగ్గులు రాజేసి తనే ఇస్త్రీ చేసిన చొక్కా, మొగుడి వీపు. ఆ వీపు కూడా చైను కోసమే చెవులు రిక్కించుకుని ఉంది. ఈ గుంటలో తెగుతుందా, ఆ మలుపులో తెగుతుందా అని. తెగాలని. ఒకే సైకిలు మీద ఇద్దరు మనుషులు కూర్చుని, చైను తెగాలని ఒకరూ తెగకూడదని ఒకరూ కాచుకోవడం ఈ హైదరాబాదు రోడ్డు ఇంతకుముందెప్పుడూ చూసి ఉండదు. పైగా ఆ వీపుకు తెలియని సంగతి ఒకటుంది. తన బండారం వెనక కూర్చున్న దానికి తెలిసిపోయిందని దానికి తెలియదు.

పది గంటలకు నందిగామ పంచాయతీ సమితి ఆఫీసులో టీచర్ల ఇంటర్వ్యూ. పేరు పిలిచినప్పుడు మనిషి లేకపోతే ఆ పేరు కొట్టేసి పక్క పేరు పిలుస్తారు, అంతే. వచ్చే ఏటికి తన వయసు దాటిపోతుంది, ఆ పైన దరఖాస్తు పెట్టినా చెత్తబుట్టలోకే. అంటే ఇదే ఆఖరు. పెళ్లికి ముందు పాసైన ట్రైనింగు. తొమ్మిదేళ్లు ట్రంకుపెట్టె అడుగున కలరా ఉండల వాసన పట్టిపోయిన సర్టిఫికెట్టు. బస్సులో పోదామండీ అని వారం నుంచీ బతిమాలింది. బస్సా, పెనుగంచిప్రోలు తిరణాల రోజుల్లోనా, పైన కూడా జనం కూర్చుని వస్తన్నారు, నిన్నెక్కించుకుంటారా, అన్నాడు స్తెఫను మేస్టారు. నా సైకిలుండగా నీకు బస్సెందుకే, అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడు! ఆ ప్రేమకు కరిగిపోయి నిన్న రాత్రి దోసెలకు పిండి రుబ్బింది పిచ్చిముఖం. పొద్దున్నే నాలుగు తిన్నాడు కూడా. చట్నీ బాగుందన్నాడు. అమ్మా, ఎంత ధైర్యం ఉండాలి మనిషికి, చైను అలా చేసి పెట్టుకుని వచ్చి పీటమీద కూర్చుని చట్నీ బాగుందనడానికి!

రోడ్డుకు అటూ ఇటూ మిరపకాయల కళ్లాలు. ఎర్రగా ఆరబోసి ఉన్నాయి, గాలి తిరిగినప్పుడల్లా ఘాటు ముక్కులోకి కొడుతోంది. స్తెఫను తుమ్మాడు. సైకిలు ఊగింది. చైను ఆడుతూనే ఉంది, చప్పుడు లేకుండా, మెత్తగా. చప్పుడు చెయ్యదు అది. చప్పుడు చేస్తే ఆయన పరువేం కావాలి? జగ్గయ్యపేటలో స్తెఫను మేస్టారి సైకిలంటే వెనకనుంచి వచ్చి పక్కన ఆగేదాకా తెలియదని పేరు. మిషను బడిలో పిల్లలు ఎక్కాలు ఎంత అప్పజెప్పారో ఎవరికీ తెలియదు గాని, మేస్టారి చైను సంగతి మాత్రం ముక్త్యాల దాకా తెలుసు. శనివారం సాయంత్రమైతే చాలు, తమ ఇంటి వసారాలో సభ. ఈయనా, రైతు బసవయ్యగారూ, కాంపౌండరు వరప్రసాదరావుగారూ. మూడు సైకిళ్లూ తలకిందులుగా నిలబెట్టి, చైన్లు ఊడదీసి, కిరసనాయిల్లో నానబెట్టి, పాత బ్రష్షులతో తోమి, ఇక వాదనలు. బసవయ్యగారిది ఆముదం, బండి ఇరుసుకు పనికొచ్చింది చైనుకు పనికిరాదా అంటాడు. వరప్రసాదరావుగారిది కుట్టుమిషను నూనె, చుక్క చుక్కా లెక్కగా, మందు పోసినట్టు. ఆముదానికి దుమ్ము పడుతుంది, మిషను నూనె ఒక వానకే కొట్టుకుపోతుంది అని ఈయన ఇద్దర్నీ కొట్టిపారేస్తాడు. ఈయనది మైనం. గుళ్లో కొవ్వొత్తుల ముక్కలు ఏరుకొచ్చి కరిగించి, అందులో చైనును ముంచి, సందుల్లోంచి బుడగలు రావడం ఆగిపోయేదాకా ఉంచి తీసి, బట్టలారేసే దండేనికి తగిలిస్తాడు. చల్లారాక తెల్లగా, గట్టిగా, దుమ్ము అంటకుండా, వేలు పెట్టినా నలుపు రాకుండా. కరిగించింది ఎందులో? తన పాలగిన్నెలో. ఆ గిన్నె మళ్లీ పాలకు పనికొచ్చిందా? ఎన్నిసార్లు చింతపండేసి తోమినా కాచిన పాల మీద మీగడ కన్నా ముందు మైనం తేలేది. ఏమన్నా అంటే, ఆడదానివి నీకేం తెలుసే చైను సంగతి?

ఏం తెలుసు! తొమ్మిదేళ్లు వంటింటి గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటూ వింది. వినక చస్తుందా? మూడు గొంతులూ వీధి చివరికి వినపడేవి. చైనులో ఎన్ని లింకులో, ఏ లింకు అరిగితే చక్రంలో ఏ పన్ను జారుతుందో, ఎండలో ఎంతసేపు ఆరాలో, సాగిన చైనును వేలితో ఎత్తి ఎలా చూడాలో, అన్నీ ఆ చెవుల్లో పడి ఉన్నాయి, అక్కర్లేని సామానులాగా. మధ్య మధ్యలో టీలు అందించేది. టీ బాగుందమ్మా అని బసవయ్యగారు అనేవాడు, ఈయన తలెత్తేవాడు కాదు. చివర్లో తెల్లగుడ్డ పరీక్ష. అది వాళ్ల ముగ్గురూ పెట్టుకున్న కట్టుబాటు. ఒకరి చైనును ఇంకొకరు తెల్లగుడ్డతో పట్టుకుంటారు, పెడలు ఒక చుట్టు తిప్పుతారు. గుడ్డకు నలుపు అంటితే ఆ మనిషి ఆ వారం మిగతా ఇద్దరి సైకిళ్లూ తుడవాలి. ఈయన గుడ్డకు ఎప్పుడూ నలుపు అంటలేదు. ఎంత తెల్లటి గుడ్డ మేస్టారూ, మల్లెపువ్వులాగుంది, ఎక్కడిది, అన్నాడొకసారి వరప్రసాదరావుగారు. ఇంట్లోదే, పాతబట్ట, అన్నాడు ఈయన. చిల్లుగరిటె చేతిలో పట్టుకుని గుమ్మంలోకి వచ్చి చూసింది తను. అంచు పక్కన సన్నటి జరీ గీత. పెళ్లిచీర. గుళ్లో పాదిరిగారి ముందు మోకరించినప్పుడు కట్టుకున్న తెల్లచీర. ట్రంకులోంచి ఎప్పుడు తీశాడో, ఎప్పుడు చింపాడో. లోపలికి వెళ్లి పెట్టె తెరిచి చూసుకుంటే మూరెడు మేర కొంగు లేదు. ఆ రాత్రి అడిగితే, మళ్లీ కడతావా ఏంటి దాన్ని, అన్నాడు. నిజమే, మళ్లీ కట్టదు. ఇప్పుడు కూడా ఆ ముక్క ఆయన ఎడమ భుజం మీద ఉంది, తువ్వాలులాగా, గాలికి కొట్టుకుంటూ, అప్పుడప్పుడూ తన చెంపకు తగులుతూ.

"దుమ్ము కళ్లల్లో పడతందా?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"లేదండీ."

"జాగ్రత్తగా కూర్చో. ముందు రోడ్డు బాలేదు." అని రోడ్డు బాలేని పక్కకే తిప్పాడు. నున్నటి తారు కుడివైపు ఉంది, ఎదురుగా ఒక్క బండీ లేదు, అయినా ఎడమపక్క కంకరలోకి దింపాడు. డబడబ కొట్టింది కారియరు. నడుములోంచి నెత్తికెక్కింది ఆ దెబ్బ, నాలుక కరుచుకుంది. చైను ఆడుతూనే ఉంది. తన్ను బాబూ తన్ను, ఎంత తంతావో తన్ను, అనుకుంది. తను పెట్టింది సరిగ్గా పట్టుకుందా? టక్కుమని చప్పుడు వచ్చింది కదా, వచ్చింది, తను విన్నది. కాదేమో, తాళంచెవి జారి పెడలుకు తగిలిన చప్పుడేమో. కాదు, వేలితో లాగి చూసింది, కదల్లేదు. మరి ఇంతమేర దుమ్ములో, ఇద్దరి బరువు మీద? ప్రభువా, పాలగిన్నె పోనీ, చీర పోనీ, ఈ ఒక్కటీ ఆపు.

ఇందాక గౌరవరం పొలిమేరలో తుమ్మచెట్ల దగ్గర సైకిలు ఆపాడు. ఒంటికి పోయొస్తా, ఇక్కడే ఉండు, సైకిలు ముట్టుకోకు, అని స్టాండు వేసి చెట్లచాటుకు వెళ్లాడు. ముట్టుకోకు అని ఎందుకన్నట్టు? ఎప్పుడూ అనే మాటే, అలవాటుగా అన్నాడేమో. తను చీర కుచ్చెళ్లకు మరక అంటిందేమో చూసుకోవడానికి కుడివైపుకు వచ్చింది. చైనుకు గాలాడాలని కవరు ఎప్పుడో పీకేశాడు మహానుభావుడు, దాని పుణ్యమాని తన చీరలకు రెండింటికి కింద చిరుగులు. వంగి కుచ్చెళ్లు చూసుకుంటుంటే కంటికి తగిలింది. చైను లాకు. చైను రెండు కొసలూ కలిపేచోట బిగించే సన్నటి రేకు. గుండ్రటి తల, చీలిన తోక, అచ్చం చేపపిల్లలాగా ఉంటుంది కాబట్టి వాళ్లు ముగ్గురూ దాన్ని చేప అంటారు. చేప తల ముందుకుండాలి. అది ఈదే దిక్కుకు తల ఉంటే రాయి తగిలినా పుల్ల తగిలినా జారి పక్కకు పోతుంది. తోక ముందుకుంటే ఆ చీలికలో ఏ కాస్త తగిలినా రేకు ఎగిరిపోతుంది, వెనకాలే చైను. ఈ పాఠం తనకు కంఠతా వచ్చు, ఎందుకంటే బసవయ్యగారు ఒకసారి తప్పుగా పెట్టాడు. చైను కింది వరస వెనక్కి నడుస్తుంది, పై వరస ముందుకు నడుస్తుంది. ఆయన కింది వరసలో పెట్టి ముందుచక్రం వైపు చూసుకుని తల పెట్టాడు. అంతే, ఇక ఈయన వదిలాడా! నెలరోజులు. వీధిలో, కూరగాయల దగ్గర, గుడి బయట. పసిపిల్లలు కూడా చెయ్యని పని చేశారండీ, అని ఆ పెద్దమనిషిని అందరిముందూ. పాపం ఆయన నవ్వేసి ఊరుకున్నాడు.

ఆ చేప తోక ముందుకు ఉంది. ముందు తనకు నమ్మకం కలగలేదు. కింది వరసలో ఉందేమో అనుకుంది. కాదు, పై వరసలోనే ఉంది, కళ్లెదురుగా. వంగి చూసింది. తలకాయ వెనకచక్రం వైపు, తోక ముందుచక్రం వైపు. మర్చిపోయాడా? స్తెఫను మేస్టారా? నిద్రలో పెట్టినా సరిగ్గా పెట్టే మనిషా? నిన్న సాయంత్రం చైను మైనంలో ముంచి, దీపం దగ్గర పెట్టుకుని, మెడ వంచి అరగంట కూర్చున్న మనిషా? వేలు పెట్టి కదిపింది. పటకారుతో పట్టి లాగితే గాని రాని రేకు గోటికే కదిలింది. తోక చీలిక రెండు పాయలూ ఎడంగా విరిచి ఉన్నాయి, పనిగట్టుకుని. అప్పుడు తెలిసింది. నందిగామ చేరదు. ఏ నవాబుపేట దగ్గరో ఎగిరిపోతుంది, ఆయన దిగి, అయ్యో అంటాడు, రోడ్డు మీద వెతుకుతాడు, దొరకదు, మళ్లీ అయ్యో అంటాడు, ఎండెక్కుతుంది, తిరణాల బస్సులు నిండా జనంతో ఆగకుండా పోతుంటాయి, పదవుతుంది.

ఇదంతా ఎలా తెలుసంటే, ఒకసారి చూసింది కాబట్టి. రెండేళ్ల కిందట. ఇదే రోడ్డు, ఇదే ఇంటర్వ్యూ, ఇదే నవాబుపేట. చైను తెగి పాములాగా రోడ్డు మీద పడింది. లాకు దొరకలేదు. ఆయన గట్టుమీద కూర్చుని తల పట్టుకున్నాడు, నా వల్లే నీకు అన్యాయమైపోయిందే కృపా, అన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తనేం చేసింది? పక్కన కూర్చుని ఆ నీళ్లు తుడిచింది. పోనీలెండి, మనకు రాసిలేదు, మీరు మాత్రం ఏం చేస్తారు, అంది. అక్కణ్నుంచి చిల్లకల్లు దాకా సైకిలు నడిపించుకుంటూ ఆయన ముందూ, తెగిన చైను చేత్తో పట్టుకుని తను వెనకా. ఇంటికొచ్చాక వారంరోజులు ఆయన దిగులుగా ఉన్నాడని గుడ్డు అట్టు పోసి పెట్టింది. ఛీ! ఆ అట్లు తలుచుకుంటే ఇప్పుడు కడుపు రగిలిపోతోంది. కళ్లనీళ్లు నిజమైనవేనా? ఏమో, నిజమైనవేనేమో, అదింకా ఒళ్లు మండే సంగతి. ఇంట్లో ఒక మేస్టరు చాలే, అన్నాడు మొదట్లో, దరఖాస్తు పెడతానన్నప్పుడు. తర్వాత ఇక కాదనలేదు. సంతకం పెట్టమంటే పెట్టాడు, ఫొటో తీయిద్దామంటే తీయించాడు. నోటితో ఎందుకు కాదనాలి, చైను ఉండగా?

తుమ్మచెట్ల చాటున దగ్గు వినిపించింది. ఇంకా అటు తిరిగే ఉన్నాడు. చెయ్యి ఆలోచించలేదు, తనే పనిచేసింది. గోటితో రేకు ఊడదీసింది. లోపల నల్లగా ఉంది! పైకి తెల్లగా మెరిసే మైనం కింద, లాకు కూర్చునే సందులో, ఏళ్ల తరబడి చేరిన నల్లటి మడ్డి. బొటనవేలికీ చూపుడువేలికీ మెత్తింది. తెల్లగుడ్డ ఎప్పుడూ పైననే రాసేవారు కదా, లోపల ఎవరు చూశారు? రేకును నోట్లో పెట్టుకుని విరిచిన పాయలు రెండూ దవడపళ్ల మధ్య నొక్కింది. ఇనుమూ మైనమూ కలిసిన చప్పటి రుచి. ఆ రుచి తగలగానే ఇంకోటి గుర్తొచ్చింది, ఇప్పుడు వద్దు అనుకున్నా వచ్చింది. సమాధుల పండుగ. మూణ్ణెల్లకే పోయిన పాప సమాధి చిన్న మట్టిదిబ్బ. దానిమీద తను వెలిగించిన కొవ్వొత్తి. మర్నాడు పొద్దున నీళ్లు చల్లుదామని వెళితే దిబ్బలన్నీ బోసిగా ఉన్నాయి, ఎవరో కత్తితో గీకి మైనం ఎత్తుకుపోయారు. ఇంటికొస్తే పొయ్యిమీద పాలగిన్నె, అందులో కొవ్వొత్తుల ముక్కలు, ఒకదానికి ఇంకా ఎర్రమన్ను. వెలిగి ఆరిపోయిన మైనమే కదే, ఊరికే పోతది, అన్నాడు. మన పాపది కూడానా, అని అడిగింది. గిన్నెలోకి చూస్తూ, ఏది ఎవరిదో నేనేం గుర్తుపెట్టుకున్నానా, అన్నాడు. ఆ రోజు నుంచీ ఆ మనిషి వీపు చూస్తే చాలు తనకు ఒళ్లంతా ముళ్లు. పళ్లు ఇంకా గట్టిగా నొక్కింది. దవడ కలుక్కుమంది. రేకు దగ్గరపడింది. చేప తల ముందుకు తిప్పి, గాడిలో పెట్టి, నడుముకున్న తాళంచెవితో అదిమితే టక్కుమంది. లాగి చూసింది, రాలేదు. పిడికిలి కొంగులో దాచుకుని సైకిలుకు ఎడమపక్కకు వచ్చి నిలబడింది, ఆయన పంచె సర్దుకుంటూ వచ్చేసరికి. పోదామా, అన్నాడు. పోదామండీ, అంది.

నవాబుపేట మొదలు కనిపించింది. తిరణాలకు పోయే బళ్లు గంటలు మోగించుకుంటూ వరసగా, ఎడ్ల కొమ్ములకు పసుపుగుడ్డలు, బళ్లలో ఆడవాళ్లు తననూ తన సంచీనీ చూసి ఏదో చెప్పుకుంటున్నారు. చెప్పుకోండి. స్తెఫను సీటు మీదినుంచి లేచి నిలబడి తొక్కడం మొదలుపెట్టాడు. ఎత్తు లేదు, ఎదురుగాలి లేదు, ఎందుకు నిలబడి తొక్కుతున్నాడో తనకు తెలుసు. మొత్తం ఒళ్లు బరువంతా పెడలు మీద వేసి ఒక్కొక్క తోపూ తోస్తున్నాడు, చైనును చంపడానికి. తోక ముందుకున్న చేప ఎప్పుడో ఎగిరిపోవాలి, ఎందుకు పోలేదబ్బా అని ఆ బుర్రలో గిరగిరా తిరుగుతూ ఉంటుంది. చొక్కా వీపు చెమటకు అంటుకుపోయింది. చూడు, ఎంత కష్టపడుతున్నాడో పాపం! పెళ్లాం ఉద్యోగం చెడగొట్టడానికి ఇంత చాకిరీ చేసే మొగుడు జిల్లాలో ఇంకొకడుంటాడా! ఒకసారి మెడ వంచి చైను వైపు చూశాడు. కదులుతుంటే ఏం కనిపిస్తుంది, ఏమీ కనిపించదు. ఇంకోసారి వంగాడు. తొక్కడం నెమ్మదించింది. వచ్చింది, అనుకుంది, ఇప్పుడు ఆపుతాడు.

"దిగవే ఒకసారి. చైను చూస్తా, ఏదో చప్పుడొస్తంది."

ఆపితే చూస్తాడు. చూస్తే తెలిసిపోతుంది. తెలిస్తే ఇంకోటేదో చేస్తాడు, టైరు వాల్వు పీకి గాలి తీసేసినా చాలు. ఏమనాలి? ఏమంటే ఈ మనిషి ఆగకుండా పోతాడు? బతిమాలితే ఆగుతాడు. ఏడిస్తే ఇంకా తొందరగా ఆగుతాడు. మెడ సాచి వెనక్కి చూసింది, ఎందుకు చూసిందో తెలియదు, ప్రార్థనకు జవాబు వస్తుందేమోనని కాబోలు. వచ్చింది. కీచుకీచుమంటూ వచ్చింది. ఆముదం తాగిన చైను కీచుమనే చప్పుడు ఆ రోడ్డు మీద ఒక్కరిదే.

"అరుగో, మీ బసవయ్యగారు," అంది గట్టిగా, బసవయ్యకు కూడా వినపడేలా. "మీ చైను చప్పుడు చేస్తందంటే నమ్ముతారాండీ ఆయన?"

వీపు బిగుసుకుంది. చప్పుడు మాట ఇక ఎత్తలేదు. పెద్ద తలపాగా, మోకాళ్ల పైకి ఎగ్గట్టిన పంచె, బసవయ్య రొప్పుతూ వచ్చి పక్కన కలిశాడు.

"ఏం మేస్టారూ, చెల్లెమ్మను కూడా తీసుకొస్తన్నారు, తిరణాలకేనా?"

"కాదన్నయ్యగారూ, నందిగామకు. ఇంటర్వ్యూకు," అంది కృపావతి, మొగుడు నోరు విప్పకముందే. "మీరెటు?"

"కోర్టు వాయిదా అమ్మా. మంచిదైంది, కలిసి పోదాం. మేస్టారి చైను పక్కన నా చైను కీచులాట మీకు చెవులు నొప్పి గానీ..." నవ్వాడు. "ఇద్దరి బరువు మీద కూడా చూడు, చీమ చిటుక్కుమన్నట్టు కూడా లేదు! మా మేస్టారి చేతి పనంటే పనే."

ఆయన పొగడ్త ఎప్పుడూ ఇంత తియ్యగా వినపడలేదు తనకు. ఇంకా పొగుడు నాయనా, అనాసాగరం దాకా పొగుడు, నందిగామ దాకా పొగుడు. పొగిడాడు కూడా. మైనం ఎంతసేపు కాయాలి, ఎంత వేడి ఉండాలి, ఈసారి తను కూడా ముంచి చూస్తానని అడుగుతూనే ఉన్నాడు. స్తెఫను ముక్తసరిగా ఊ అంటున్నాడు. అడిగితే గంటసేపు పాఠం చెప్పే మనిషికి ఇవాళ మాటలు రావడంలేదు. ఆపడానికి లేదు, ఆపితే బసవయ్య కూడా ఆగుతాడు, వంగి చూస్తాడు, తోక ముందుకున్న చేపను చూస్తాడు, నెలరోజులు కాదు, ఏడాది నవ్వుతాడు. పాపం, బసవయ్య చూస్తాడని ఈయన భయపడుతున్న చేప అక్కడ లేనేలేదు. అది తలుచుకుంటే లోపల్నుంచి వెచ్చగా, కారంగా ఒక సంతోషం పైకి తన్నుకొచ్చింది. మంచి సంతోషం కాదు. పాదిరిగారు వింటే మోకాళ్ల మీద నిలబెడతాడు. నిలబెట్టనీ. తొమ్మిదేళ్లలో ఈ కారియరు మీద తను సుఖంగా కూర్చున్నది ఈ నాలుగు మైళ్లే. నడుం నిటారు చేసుకుంది. ఎండ చెంపమీద పడుతోంది. ఐదో తరగతి ప్రశ్నలు అడుగుతారా, ఎనిమిదో తరగతివి అడుగుతారా? జిల్లాలు, నదులు, భిన్నాలు. భిన్నాలు ఎలా చెబుతావమ్మా అంటే అట్టు కోసి చూపిస్తానని చెప్పాలి. గొంతు సవరించుకుంది. పిల్లల ముందు నిలబడితే తన గొంతు ఎలా ఉండేదో ఒక్క క్షణం గుర్తొచ్చింది, వసారాలో టీలు అందించే గొంతు కాదది, ఇంకోటి.

అనాసాగరం వెనకబడింది. ఊళ్లో పొగలు, టీ దుకాణాలు, లారీలు ఆగి ఉన్నచోటు, మలుపు. సమితి ఆఫీసు గోడ కనిపించాక గాని ఊపిరి పూర్తిగా పీల్చలేదు తను. గేటు ముందు పదిహేనుమంది దాకా నిలబడి ఉన్నారు, చేతుల్లో ఫైళ్లు, సంచులు. లోపల గడియారంలో పదికి ఇంకా ఐదు నిమిషాలుంది. సైకిలు ఆగింది. దిగింది. కాళ్లు తిమ్మిరెక్కాయి, నేలమీద నిలబడితే ఇంకా కంకర మీద పోతున్నట్టే ఉంది. చైను తెగలేదు. దేవుడా నీకు స్తోత్రం, అనుకుంది, ఆ వెంటనే, కాదు, నా పళ్లకు కూడా, అనుకుంది.

స్తెఫను స్టాండు వేసి చెమట కూడా తుడుచుకోకుండా చైను దగ్గర గొంతుకూర్చున్నాడు. పెడలు తిప్పి లాకు పైకి తెచ్చుకున్నాడు. చూశాడు. ముక్కు దానికి ఆనేంత దగ్గరగా వంగి మళ్లీ చూశాడు. చేప తల ముందుకు. వేలితో కదిపాడు, కదల్లేదు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. తర్వాత మెల్లగా తలెత్తి ఆమెను చూశాడు. బసవయ్య తన సైకిలు గోడకు ఆనించి, తలపాగాతో ముఖం తుడుచుకుంటూ దగ్గరకొచ్చాడు.

"ఏంటి మేస్టారూ, ఏమన్నా తేడానా?"

కృపావతి కొంగులోంచి పిడికిలి తీసి విప్పింది. బొటనవేలూ చూపుడువేలూ గోళ్ల దాకా నల్లగా ఉన్నాయి.

"తేడా ఏం లేదన్నయ్యగారూ," అంది, మొగుడి కళ్లల్లోకే చూస్తూ. "గౌరవరం దగ్గర మేస్టారి చేప తోక ముందుకు ఉంటే నేను తిప్పి పెట్టా. అంతే."

బసవయ్య నవ్వబోయి, ఇద్దరి ముఖాలూ చూసి ఆగిపోయాడు. ఆ పెద్దమనిషి ఇక నవ్వలేదు. ఆమె వేళ్ల వైపు చూశాడు, చైను వైపు చూశాడు, గేటు ముందు జనం వైపు చూశాడు, రెండేళ్ల కింద కూడా నవాబుపేట దగ్గరే కదా మేస్టారూ, అని నెమ్మదిగా అన్నాడు. స్తెఫను భుజం మీది తెల్లగుడ్డ తీసి ఆమెకు చాచాడు, చెయ్యి తుడుచుకోమన్నట్టు. జాలి వేస్తుందేమోనని ఒక్క క్షణం ఆగింది. వెయ్యలేదు.

గుడ్డ అందుకుంది. అంచున జరీ గీత ఇంకా మాసిపోలేదు. మరక అంటకుండా చిటికెనవేళ్లతో పట్టుకుని నాలుగు మడతలు వేసి, సంచీలో సర్టిఫికెట్ల కింద పెట్టుకుంది. తర్వాత చైను దగ్గర కూర్చునే ఉన్న మొగుడి వెనక్కి వెళ్లి, వంగి, పొద్దున తను ఇస్త్రీ చేసిన ఆ తెల్లచొక్కా వీపుకు వేళ్లు రెండూ నిదానంగా తుడుచుకుంది, పైనుంచి కిందికి, నలుపు పూర్తిగా పోయేదాకా.

"సాయంత్రం నాకోసం ఆగకండి," అంది. "నేను బస్సుకొస్తా."

లోపల ఎవరో పేర్లు పిలవడం మొదలుపెట్టారు. సంచీ చంకన పెట్టుకుని గేటులోకి నడిచింది.